ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని పాట రికార్డు చేయడం ఎలా

మా అమ్మమ్మకు నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు కలిపి నలభై దాకా వచ్చు. పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు, వాళ్లమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవి. వాటిని రికార్డు చేద్దామని కొత్తగా కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు (కరెంటు అందిస్తేనే పలికే రకం), లాప్‌టాప్ పట్టుకుని తెనాలి దగ్గర మా ఊరికి వెళ్లాను. ఆమె రెండు గంటలు ఓపిగ్గా పాడింది. తెర మీద గీతలు కదులుతుంటే అంతా బాగానే ఉందనుకున్నాను. తిరిగొచ్చి విన్నాక తెలిసింది, రికార్డయింది ఆమె ముందు పెట్టిన మైకులోంచి కాదని. లాప్‌టాప్ లోపల ఉండే చిన్న మైకులోంచి. ప్రతి పాట వెనకా ఫ్యాను రొద. సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క చోట డివైజ్ పేరు మార్చలేదు.

అప్పటి నుంచి ఒకే పద్ధతి పాటిస్తున్నాను. గొంతులోంచి వచ్చిన శబ్దం ఫైలు దాకా ఏ దారిలో వెళ్తుందో ఆ దారి వెంటే నేనూ వెళ్తాను. మైకు, కేబుల్, ఇంటర్‌ఫేస్, యూఎస్‌బీ, డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌తో కంప్యూటర్‌ని మాట్లాడించే ప్రోగ్రాం), సాఫ్ట్‌వేర్, ఫైలు. ఒక్కో మజిలీలో శబ్దం ఉందని చూసుకున్నాకే తర్వాతి మజిలీకి. మీరు కూడా అలాగే చేయండి. ఎక్కడైనా ఆగిపోతే, తప్పు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. మీరు ఆగిన చోటే ఉంటుంది.

కొనే ముందు

లాప్‌టాప్‌లోనే మైకు ఉండగా ఈ పెట్టె ఎందుకని చాలామంది అడుగుతారు. మైకు నుంచి వచ్చే కరెంటు చాలా చిన్నది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని శుభ్రంగా పెంచాలి, పెంచాక అంకెల్లోకి మార్చాలి. వెనక్కి వినిపించేటప్పుడు ఆ అంకెలను మళ్లీ శబ్దంగా మార్చాలి. ఈ మూడు పనులూ ఇంటర్‌ఫేస్ చేస్తుంది. లాప్‌టాప్ లోపలి సర్క్యూట్ కూడా ఇవే చేస్తుంది కానీ, అది ప్రాసెసర్, ఫ్యాన్ల పక్కనే ఉంటుంది, పైగా వీడియో కాల్ మాట్లాడటానికి చాలినంతగా మాత్రమే తయారుచేసింది.

ఒక్క గొంతు రికార్డు చేయడానికి ఒక మైకు ఇన్‌పుట్ చాలు. గొంతుతో పాటు కీబోర్డో వీణో మృదంగమో కూడా కావాలంటే రెండు ఉన్నది తీసుకోండి. నా దగ్గరున్నది ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, మూడో తరంది. పేరులోనే ఉంది చూడండి, రెండు ఇన్, రెండు అవుట్. కింద చెప్పేదంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా, ఆడియెంట్, మోటు, బెరింగర్, స్టైన్‌బర్గ్ ఏది కొన్నా దారి ఇదే. బటన్లు వేరే చోట ఉంటాయి, అంతే తేడా.

డబ్బు పరిమితంగా ఉంటే ఇంటర్‌ఫేస్ మీద తక్కువ, హెడ్‌ఫోన్స్ మీద కాస్త ఎక్కువ పెట్టమంటాను. చెవిని పూర్తిగా మూసే రకం కావాలి. బయటికి శబ్దం పోయే రకమైతే తాళమో శ్రుతో హెడ్‌ఫోన్స్‌లోంచి కారి మళ్లీ మైకులో పడుతుంది. బ్లూటూత్‌వి ఈ పనికి వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది.

మొదటి మజిలీ: మైకు, కేబుల్

మైకు నుంచి ఇంటర్‌ఫేస్‌కు వెళ్లేది ఎక్స్ఎల్ఆర్ కేబుల్. ఒక చివర మూడు పిన్నులు, ఇంకో చివర మూడు రంధ్రాలు ఉండేది. ఒక పిన్ను ఎర్త్‌కి. మిగిలిన రెండింటిలో ఒకే శబ్దం, ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది. దారిలో ఎక్కడైనా కరెంటు వైరు గోల తగిలితే రెండింటికీ ఒకేలా తగులుతుంది. అవతలి చివర ఇంటర్‌ఫేస్ ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి గోల రద్దయి పాట మిగులుతుంది. పది మీటర్ల కేబుల్ వేసినా శబ్దం శుభ్రంగా రావడానికి కారణం ఇదే.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. ఆన్‌లైన్‌లో కిట్‌గా అమ్మే చవక మైకుల వెంట ఒక చివర ఎక్స్ఎల్ఆర్, ఇంకో చివర ఫోన్ హెడ్‌సెట్‌కి ఉండే లాంటి సన్నటి జాక్ ఉన్న కేబుల్ వస్తుంది. దానికి ఇంకో అడాప్టర్ తగిలించి ఇంటర్‌ఫేస్‌లో పెడితే కండెన్సర్ మైకు పలకదు. మైకుకు కావాల్సిన 48 వోల్టులు ఎక్స్ఎల్ఆర్ పిన్నుల్లోంచే వస్తాయి, లావుపాటి 6.35 మిల్లీమీటర్ల జాక్‌లోంచి రావు. ఆ కేబుల్ పక్కన పెట్టేసి, రెండు వైపులా ఎక్స్ఎల్ఆర్ ఉన్నది మూడు మీటర్లది ఒకటి కొనుక్కోండి. యూఎస్‌బీ మైకు మీ దగ్గర ఉంటే దాన్ని ఇంటర్‌ఫేస్‌కు కలపలేరు, దాని లోపలే ఓ చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటుంది.

ఇంటర్‌ఫేస్ ముందున్న గుండ్రటి సాకెట్‌లోకి రెండు రకాల ప్లగ్గులూ పడతాయి. చుట్టూ ఉన్న మూడు రంధ్రాలు మైకుకి, మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం వాయిద్యాలకి. కీబోర్డు కలిపితే లైన్ అని ఉండాలి. గిటార్, లేదా వీణకు అతికించే పికప్ లాంటివి నేరుగా కలిపితే ఇన్‌స్ట్ అని రాసిన బటన్ నొక్కాలి. ఆ బటన్ నొక్కకపోతే పికప్ శబ్దం పలచగా, ప్రాణం లేనట్టు వస్తుంది. పికప్పే పాడైందని జనం పొరబడేది ఇక్కడే.

ఇంకో మాట. స్టేజి మీద వాడే మైకుకి పైనుంచి పాడతాం. స్టూడియో కండెన్సర్లలో చాలావాటికి పక్కనుంచి పాడాలి. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటివి నిలువుగా నిలబెట్టి, కంపెనీ గుర్తు ఉన్న వైపు గాయకుడికి ఎదురుగా తిప్పాలి. వెనక్కి తిరిగి ఉన్నా శబ్దం వస్తుంది కాబట్టి తప్పు తెలియదు. దూరంగా, బోలుగా వస్తుంది.

48 వోల్టులు ఎప్పుడు, ఎలా

కండెన్సర్ మైకు పనిచేయాలంటే కరెంటు కావాలి. అదే కేబుల్లో శబ్దంతో పాటు వెనక్కి కరెంటు పంపే పద్ధతిని ఫాంటమ్ పవర్ అంటారు. అది 48 వోల్టులే ఎందుకైందో తెలుసుకున్నప్పుడు నాకు ముచ్చటేసింది. 1966లో జర్మనీకి చెందిన న్యూమన్ కంపెనీ నార్వే ప్రసార సంస్థకు మైకులు తయారుచేసింది. అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. దాన్నే మైకులకూ వాడుకున్నారు. అదే ప్రపంచమంతటా స్థిరపడిపోయింది.

వరుస ఇది. గెయిన్ గుండీ (మైకు శబ్దాన్ని పెంచేది), హెడ్‌ఫోన్ గుండీ రెండూ పూర్తిగా తగ్గించండి. మైకుకి కేబుల్ పెట్టండి, రెండో చివర ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి. ఆ తర్వాత, కింద చెప్పినట్టు కంప్యూటర్‌కి కలిపాక, 48వీ బటన్ నొక్కండి. ఓ పది సెకన్లు ఆగండి. తీసేటప్పుడు దీనికి తిరగేసి: ముందు 48వీ ఆపండి, పది సెకన్లు ఆగండి, అప్పుడు కేబుల్ లాగండి. కరెంటు ఉండగా కేబుల్ లాగితే హెడ్‌ఫోన్స్‌లో ఫట్‌మని కొడుతుంది, అది చెవికీ మంచిది కాదు, ఇంటర్‌ఫేస్‌కీ మంచిది కాదు.

షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకి ఈ 48 వోల్టులు అక్కర్లేదు. పొరపాటున పెట్టినా సరైన కేబుల్‌తో దానికేం కాదు. పాతకాలపు రిబ్బన్ మైకు ఎవరైనా ఇస్తే మాత్రం ఆ బటన్ జోలికి వెళ్లకండి, లోపలి రేకు పాడయ్యే ప్రమాదం ఉంది. మూడో తరం 2ఐ2లో ఒకే బటన్ రెండు ఇన్‌పుట్లకూ కరెంటు పంపుతుంది, కాబట్టి రెండో దాంట్లో ఏముందో చూసుకుని నొక్కండి.

కంప్యూటర్‌కి కలపడం

విండోస్ అయితే ముందు డ్రైవర్. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, మీ తరం చూసి దించుకోండి. ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేసి, ఆ తర్వాతే ఇంటర్‌ఫేస్ గుచ్చండి. డ్రైవర్ లేకుండా గుచ్చినా పలుకుతుంది, ఎందుకంటే 2017 నుంచి విండోస్ 10లోనే ఇలాంటి పరికరాలకు సాధారణ డ్రైవర్ ఉంది. కానీ రికార్డింగ్‌కి అది చాలదు. స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన ఏసియో అనే పద్ధతి కావాలి. అది విండోస్ లోపలి మిక్సర్‌ని దాటేసి సాఫ్ట్‌వేర్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడిస్తుంది. కంపెనీ ఇచ్చే డ్రైవర్‌తోనే అది వస్తుంది. మాక్‌లో ఈ పనికి కోర్ ఆడియో అనేది ముందే ఉంటుంది కాబట్టి చాలా ఇంటర్‌ఫేస్‌లను గుచ్చితే చాలు.

ఇంటర్‌ఫేస్‌ను లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చండి, చవక హబ్ ద్వారా వద్దు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపులు. దాంట్లోంచే మైకుకి 48 వోల్టులు తయారవ్వాలి, హెడ్‌ఫోన్స్ మోగాలి. మౌస్, పెన్ డ్రైవ్, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే హబ్ పంచుకుంటే మధ్యలో టప్‌టప్‌మని శబ్దాలు వస్తాయి. కేబుల్ కూడా పెట్టెలో వచ్చిందే వాడండి. ఫోన్ ఛార్జింగ్ కేబుళ్లలో కొన్నిటికి డేటా తీగలే ఉండవు. లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనిపించదు. దీనివల్ల డ్రైవర్‌ని నాలుగుసార్లు తీసి వేసిన వాళ్లను చూశాను.

ఇప్పుడు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు కనిపించాలి. కనిపిస్తే శాంపిల్ రేట్ చూడండి, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలవాలన్నది. నేను అన్నిచోట్లా 48,000 పెడతాను, వీడియోకి అదే సరిపోతుంది. పాట మాత్రమే అయితే 44,100 కూడా మంచిదే. ఏది పెట్టినా విండోస్‌లో, డ్రైవర్‌లో, సాఫ్ట్‌వేర్‌లో ఒకటే ఉండాలి. తేడా ఉంటే టప్‌టప్ శబ్దాలైనా వస్తాయి, పాట శ్రుతి మారైనా వినిపిస్తుంది. 96,000 పెడితే గొంతు ఇంకా బాగుంటుందని చెప్తారు. ఇంట్లో గొంతు రికార్డింగ్‌కి దాని లాభం నాకెప్పుడూ వినపడలేదు, ఫైలు మాత్రం రెట్టింపవుతుంది. బిట్స్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలన్నది) మాత్రం 24 పెట్టండి, అది నిజంగా పనికొస్తుంది. ఎందుకో గెయిన్ దగ్గర చెప్తాను.

ఆ సెట్టింగ్స్‌లోనే మైక్రోఫోన్ ప్రైవసీ అని ఉంటుంది. డెస్క్‌టాప్ యాప్స్‌కి మైకు వాడే అనుమతి ఆపేసి ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నా నిశ్శబ్దమే రికార్డవుతుంది. మాక్‌లోనూ ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ఇదే అనుమతి ఇవ్వాలి.

సాఫ్ట్‌వేర్‌లో డివైజ్, గోటి పరీక్ష

నన్ను ముంచింది ఈ మజిలీయే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫర్వాలేదు. ఉచితంగా కావాలంటే ఆడాసిటీ, మాక్‌లో గరాజ్‌బ్యాండ్. నేను రీపర్ వాడతాను, 60 రోజులు ఉచితంగా పూర్తిగా వాడి చూడనిస్తారు. రీపర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఆడియో కింద డివైజ్‌లోకి వెళ్లి, ఆడియో సిస్టమ్ దగ్గర ఏసియో ఎంచుకోండి. దాని కింద డ్రైవర్‌గా మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ పేరున్నది ఎంచుకోండి. ఆ జాబితాలో ఏసియో అనే మాటతోనే వేరే పేర్లు కూడా కనిపించవచ్చు, అవి వద్దు. తర్వాత కంట్రోల్, టీ నొక్కి కొత్త ట్రాక్ తెరవండి. ట్రాక్ మీద ఎర్ర బటన్ నొక్కండి. దాని ఇన్‌పుట్ మోనో, ఇన్‌పుట్ 1 అని పెట్టండి. స్టీరియో పెడితే గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తుంది, ఎందుకంటే కుడివైపు ఇన్‌పుట్ 2 ఖాళీగా ఉంది. ఆడాసిటీలో కూడా మోనో అనే ఎంచుకోండి.

ఇప్పుడు పరీక్ష. గెయిన్ సగానికి పెట్టి రికార్డు నొక్కండి. మైకు జాలీని గోటితో మెల్లగా రెండుసార్లు గీకండి. తర్వాత అంతే మెల్లగా లాప్‌టాప్ కీబోర్డు పక్కన గీకండి. ఆపి వినండి. మైకు గీకినప్పుడు గీతలు పైకి లేచి, లాప్‌టాప్ గీకినప్పుడు లేవకపోతే సరైన మైకే. రెండోదానికి లేస్తే లాప్‌టాప్ మైకు. ఒకటి గుర్తుంచుకోండి, గదిలో మాట్లాడి చూడటం పరీక్ష కాదు. మాట రెండు మైకుల్లోనూ పడుతుంది, తెర మీద గీతలు రెండింటికీ కదులుతాయి. నేను మోసపోయింది సరిగ్గా అలాగే. మైకులోకి ఊదడం కూడా వద్దు, లోపలి పొర సున్నితం.

లాప్‌టాప్‌ని నిద్రపుచ్చి లేపినా, కేబుల్ ఊడి మళ్లీ పెట్టినా కొన్ని సాఫ్ట్‌వేర్లు చెప్పాపెట్టకుండా లోపలి మైకుకి మారిపోతాయి. అందుకే రికార్డింగ్ మొదలుపెట్టే ప్రతిసారీ గీకి చూడండి. అయిదు సెకన్ల పని.

గెయిన్

మైకు శబ్దాన్ని ఇంటర్‌ఫేస్ ఎంత పెంచాలో చెప్పేది గెయిన్ గుండీ. సాఫ్ట్‌వేర్‌లో ఉండే వాల్యూమ్ వేరు. గెయిన్ ఎక్కువై శబ్దం పగిలిపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎంత తగ్గించినా పగిలిన శబ్దమే చిన్నగా వినిపిస్తుంది, బాగుపడదు.

పాడేవాళ్లను మైకుకి జానెడు దూరంలో కూర్చోబెట్టండి. మధ్యలో పాప్ ఫిల్టర్ (గాలి దెబ్బని ఆపే పలచటి తెర) పెట్టండి. మన భాషలో ఫలము, ప్రభూ, భక్తి లాంటి మాటలకి గాలి దెబ్బ మైకు మీద గట్టిగా పడుతుంది. ఫిల్టర్ లేకపోతే మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి జరపండి, చాలావరకు తగ్గుతుంది. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు ఏదో అడిగి, ఆ చోటే పాడమనండి. మాట్లాడించి గెయిన్ పెడితే తప్పవుతుంది.

స్కార్లెట్‌లో గుండీ చుట్టూ వెలుగు వస్తుంది. పచ్చ ఉంటే శబ్దం వస్తోంది. నారింజ రంగు వస్తే అంచుకి దగ్గరపడింది. ఎరుపు వస్తే పగిలింది. తెర మీద మీటర్‌లో గట్టి చోటు మైనస్ 12 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయి కొలత; మీటర్‌లో సున్నా దగ్గర పగులుతుంది) దగ్గర ఆగేలా గుండీ తిప్పండి. మీటర్ నిండుగా లేదే అని టెన్షన్ పడొద్దు. 16 బిట్స్ కాలంలో నిండుగా పెట్టాల్సి వచ్చేది. 24 బిట్స్‌లో లెక్కప్రకారం 144 డీబీ చోటు ఉంది కాబట్టి కాస్త తక్కువలో రికార్డు చేసి తర్వాత పెంచుకున్నా నష్టం లేదు. పాడేవాళ్లు పరీక్షలో బిడియంగా పాడతారు, అసలు పాటలో గొంతు విప్పుతారు. మూడో పాటకి అమ్మమ్మ మొదటి పాట కన్నా చాలా గట్టిగా పాడింది. ఆ ఖాళీ ఆమె కోసం వదిలిపెట్టండి.

డైనమిక్ మైకుకి గెయిన్ చాలా ఎక్కువ తిప్పాల్సి వస్తుంది. ఎస్ఎం58, ఏటీ2020 పక్కపక్కన పెడితే ఒకే గొంతుకి రెండోది దాదాపు 17 డీబీ ఎక్కువ ఇస్తుంది. అందుకని గుండీ మూడొంతుల దాకా వెళ్లినా భయపడకండి. అక్కడా చాలకపోతే నోరు మైకుకి దగ్గరగా జరపడమే మంచి మందు.

మృదంగం రికార్డు చేస్తుంటే రెండు ఇన్‌పుట్లూ వాడి, కుడివైపు ఒక మైకు, ఎడమవైపు ఒకటి పెట్టి, రెండింటి గెయినూ విడివిడిగా చూసుకోండి. వాయిద్యం దెబ్బలకి శిఖరాలు చాలా ఎత్తుకు లేస్తాయి, గొంతుకి వదిలినదానికన్నా ఎక్కువ ఖాళీ వదలాలి.

హెడ్‌ఫోన్స్, ఆలస్యం

పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే దారులు రెండు. ఒకటి, ఇంటర్‌ఫేస్ లోపలే మైకు నుంచి హెడ్‌ఫోన్స్‌కి నేరుగా. దీన్ని డైరెక్ట్ మానిటర్ అంటారు, ముందువైపు ఓ బటన్ ఉంటుంది. రెండోది, కంప్యూటర్ దాకా వెళ్లి సాఫ్ట్‌వేర్ గుండా తిరిగి రావడం. ఆ ప్రయాణానికి సమయం పడుతుంది. కంప్యూటర్ శబ్దాన్ని బుట్టలకెత్తుకుని తీసుకెళ్తుంది అనుకోండి. ఆ బుట్ట పరిమాణమే బఫర్. 48,000 దగ్గర బఫర్ 128 అయితే బుట్ట నిండటానికి 2.7 మిల్లీసెకన్లు, 1024 అయితే 21 మిల్లీసెకన్లు. పోవడానికి ఒకసారి, రావడానికి ఒకసారి. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు వెళ్తుంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యమంటే మీ గొంతు మూడు మీటర్ల అవతల నుంచి వినిపించినట్టు. 40 దాటితే తాళం తప్పుతుంది, ఎంత విద్వత్తు ఉన్నా.

కాబట్టి డైరెక్ట్ మానిటర్ వేయండి, సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మీద ఉండే మానిటర్ బటన్ ఆపండి. రెండూ ఉంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది, ఇంటర్‌ఫేస్ పాడైందనుకుంటారు. డైరెక్ట్ మానిటర్ వాడితే బఫర్ 256 లేదా 512 పెట్టుకోవచ్చు, పాత లాప్‌టాప్ కూడా హాయిగా లాగుతుంది. మైకు పనిచేస్తున్నంతసేపూ గదిలో స్పీకర్లు ఆపి ఉండాలి.

హెడ్‌ఫోన్స్ అలవాటు లేని పెద్దవాళ్లకు వాటిని పెట్టకండి. అమ్మమ్మ పెట్టుకోగానే తన గొంతు తనకే కొత్తగా అనిపించి ఆగిపోయింది. మీరు పెట్టుకోండి, వాళ్లను మామూలుగా పాడనివ్వండి.

గది, కరెంటు

పదివేల మైకు కన్నా నిశ్శబ్దమైన గది ఎక్కువ ఇస్తుంది. చప్పట్లు కొట్టి చూడండి. టంగుమని మోగితే ఆ గది వద్దు. బట్టల బీరువా, మంచం, పరుపు ఉన్న పడకగది మంచిది. దూది పరుపో రెండు బొంతలో పాడేవాళ్ల వెనక గోడకి నిలబెట్టండి. మైకు వెనక కాదు, పాడేవాళ్ల వెనక. మైకు చూసేది అటువైపు, గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం వినేదీ అటునుంచే. లాప్‌టాప్‌ని మైకు వీపు వైపు, వీలైనంత దూరంగా పెట్టండి.

ఫ్యాను ఆపాలి. వేసవిలో కష్టమే కానీ పాట పాటకీ మధ్య వేసుకోండి. రెగ్యులేటర్ కూడా గీ అని శబ్దం పంపుతుంది. ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే అదీ ఆపండి, ఆపి మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. వెళ్లేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ఫోన్లన్నీ ఎరోప్లేన్ మోడ్‌లో. తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాం కానీ గుడి మైకు, పక్షులు, పాల బండ్లు అప్పుడే. మా ఊళ్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బాగుంటుంది, అందరూ కునుకు తీస్తారు.

హెడ్‌ఫోన్స్‌లో సన్నగా హమ్‌మని వినిపిస్తుంటే లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే కారణం అదే. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ హమ్ దానిదే. ఎర్త్ లేని రెండు పిన్నుల ఛార్జర్లతో, ఎర్త్ సరిగ్గా వేయని పాత ఇళ్లలో ఇది మామూలు. లాప్‌టాప్ ఇనుప భాగం తాకితే చేతికి జుమ్మంటుందంటే అదే గుర్తు. బాటరీ మీద రికార్డు చేసుకోండి, సమస్య పోతుంది. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వాళ్లున్నారు. ప్రాణాలతో చెలగాటం, ఎప్పుడూ చేయకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కూడా, అది స్క్వేర్ వేవ్ రకమైతే, ఫ్యానులే కాదు ఛార్జర్లు కూడా గోల చేస్తాయి. ఆ పూట కూడా బాటరీయే.

ఇంకా టప్‌టప్ వస్తుంటే

వైఫై, బ్లూటూత్ ఆపండి. విండోస్ పవర్ సెట్టింగ్‌ని హై పర్ఫార్మెన్స్‌కి మార్చండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. బఫర్ ఒక మెట్టు పెంచండి. వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి. ఈ వరుసలో, ఒక్కొక్కటిగా మార్చి వినండి. నాలుగూ కలిపి మార్చేస్తే బాగుపడింది దేనివల్లో తెలియదు. విండోస్ సౌండ్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేవి ఆన్‌లో ఉంటే అవీ ఆపండి, అవి గొంతుని గోల అనుకుని కోసేస్తుంటాయి.

రికార్డింగ్ రోజు

గోటి పరీక్ష అయ్యాక ముప్పై సెకన్లు పాట రికార్డు చేసి, ఫైలు నిజంగా ఎక్కడ సేవ్ అయిందో ఫోల్డర్ తెరిచి, డబుల్ క్లిక్ చేసి, వేరే ప్లేయర్‌లో వినండి. దారిలో చివరి మజిలీ అదే. ఫోన్ స్పీకర్‌లో కాదు, హెడ్‌ఫోన్స్‌లోనే వినండి. ఫ్యాను రొద, హమ్ ఫోన్ స్పీకర్‌లో తెలియవు.

ఫైలు వేవ్‌గా ఉంచండి, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. 48,000, 24 బిట్స్, మోనో అయితే నిమిషానికి 8.6 ఎంబీ, గంటకి 520 ఎంబీ దాకా అవుతుంది. ఇప్పటి పెన్ డ్రైవ్‌లకి అది లెక్కలోది కాదు. ఆ రోజే రెండో చోట కాపీ చేసి, తర్వాతే మైకు స్టాండు మడవండి.

ఇంట్లో పెద్దవాళ్ల పాటలు రికార్డు చేస్తుంటే, వాళ్లు కూర్చోకముందే రికార్డు బటన్ నొక్కేయండి, పాట పాటకీ ఆపకండి. మొదలుపెట్టే ముందు ఆ పాట ఏ సందర్భంలో పాడతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. రెండోసారి వెళ్లినప్పుడు అలాగే చేశాను. ఒక హారతి ముందు అమ్మమ్మ ఆగి, ఇది మా మేనత్త పాడేది, ఈ వరస ఆవిడది, మా అమ్మది ఇంకో వరస అంది. రెండు వరసలూ పాడి వినిపించింది. రెండూ ఇన్‌పుట్ 1లోంచే రికార్డయ్యాయి.